తిరుపతిలో ఉండి ఎంఏ ఇంగ్లీష్ చెయ్యాలంటే: యాడ చేరాలి, ఎట్లా చదవాలి, ఏం రాయాలి

ముందే ఒక మాట చెప్పేస్తా. ఎంఏ ఇంగ్లీష్ అంటే ఇంగ్లీష్ గలగలా మాట్లాడటం నేర్పే కోర్సు కాదు. దానికైతే ఊర్లో వీధికో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు ఉంది, మూడు నెలల్లో అయిపోద్ది. ఈ రెండేళ్లలో చేసేది రెండే పనులు, పద్యాలు నాటకాలు నవలలు విమర్శ చదవడం, చదివిన దాని గురించి సొంత వాక్యాల్లో రాయడం. మాట్లాడటం దాని వెనకాలే వస్తది కొంతవరకు. కానీ చాలామంది రాయడం పక్కన పెట్టేసి గైడు బట్టీ కొట్టి పాసైపోతారు, తర్వాత ఇంటర్వ్యూలో ఒక పేజీ రాయమంటే పెన్ను కదలదు. అందుకే ఈ పోస్టులో అడ్మిషన్ సంగతి త్వరగా చెప్పేసి, చదవడం రాయడం గురించే జాస్తి చెప్తా.

తెలుగు మీడియం వాళ్లు భయపడే పని లేదు. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీష్ లేకపోయినా బీకాం, బీఎస్సీ చేసి వచ్చి చేరేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, మీ డిగ్రీ కాంబినేషన్‌కి ఎలిజిబిలిటీ ఉందా లేదా అనేది మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్ బుక్‌లెట్‌లో చూసుకోండి, సీనియర్ చెప్పింది నమ్మొద్దు, రూల్స్ మారతా ఉంటాయి.

యాడ చేరాలి

తిరుపతిలో రెండు పెద్ద ఆప్షన్లు. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, ఆడపిల్లలకి అదనంగా 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ. పక్కనే చిత్తూరు జిల్లాలో ఇంకోటి, కుప్పంలో ద్రావిడ యూనివర్సిటీ, అది 1997లో పెట్టినారు, పలమనేరు, కుప్పం వైపు వాళ్లకి దగ్గర, మూడు రాష్ట్రాల బార్డర్ కాబట్టి క్యాంపస్‌లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. ట్రాన్స్‌లేషన్ మీద ఇంట్రెస్ట్ ఉన్నోళ్లకి అట్లాంటి వాతావరణం మంచిదే అని నా ఉద్దేశం. స్టేట్ యూనివర్సిటీల్లో సీట్లకి ఏపీ పీజీసెట్ రాయాలి. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, అన్నీ ఆబ్జెక్టివ్. ర్యాంక్ వచ్చినాక వెబ్ ఆప్షన్స్ పెట్టాలి. ఇక్కడ ఒక చిన్న సంగతి, కాలేజీ కోడ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి, యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీ అనుకుని ఏదో ప్రైవేట్ అఫిలియేటెడ్ కాలేజీని మొదటి ఆప్షన్‌లో పెట్టేస్తారు కొందరు. ఫ్రీజ్ చేసేముందు పేరు, ఊరు, ఫీజు మూడూ చదవండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి ప్రభుత్వం మారినప్పుడల్లా మారేది, క్యాంపస్ కాలేజీకి ఒక రూలు, ప్రైవేట్‌కి ఒక రూలు ఉండొచ్చు, కౌన్సెలింగ్ ముందే కనుక్కోండి.

హైదరాబాద్ పోగలిగితే ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అంటే హెచ్‌సీయూ ఉంది. హెచ్‌సీయూకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి. అక్కడ లైబ్రరీ, తోటి స్టూడెంట్స్, సెమినార్లు వేరే లెవెల్, అందులో డౌట్ లేదు. ఇంట్లో పంపిస్తామంటే పోండి. పంపించరు అనుకోండి, అదేం కొంప మునిగే విషయం కాదు, ఎందుకంటే ఈ సబ్జెక్ట్‌కి ల్యాబ్ అక్కర్లేదు, పుస్తకం ఉంటే చాలు.

ఉద్యోగం చేస్తా చదవాలనుకునేవాళ్లకి ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ. కోర్సు కోడ్ ఎంఈజీ, రెండేళ్ల కోర్సు, నాలుగేళ్ల వరకు టైం ఇస్తారు, జనవరిలో జూలైలో రెండుసార్లు అడ్మిషన్లు. మెటీరియల్ మటుకు నిజంగా బాగుంటది, రెగ్యులర్‌లో చేరిన వాళ్లు కూడా ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకుని చదువుకోవచ్చు, నేనైతే అందరికీ అదే చెప్తా. ఇగ్నోలో జనం యాడ ఆగిపోతారంటే అసైన్‌మెంట్ల దగ్గర, లాస్ట్ డేట్ ముందు రాత్రి నెట్‌లో దొరికిన ఆన్సర్ చూసి దించేసి పంపిస్తారు. ఆ అసైన్‌మెంటే మీకు దొరికే ఒక్క రాత ప్రాక్టీసు, దాన్ని కూడా వదిలేస్తే కోర్సులో ఇంకేం మిగలదు. వేరే ఏ దూరవిద్యలో చేరినా ఆ ఏడాదికి యూజీసీ డిస్టెన్స్ బ్యూరో లిస్ట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు ఉన్నాయో లేదో చూసి కట్టండి డబ్బులు.

ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలి

ఇది కూడా గైడ్‌లో భాగమే మన ఊర్లో. "ఇంగ్లీష్ ఎంఏ ఏందిరా నాయనా, దానికి బదులు బీఈడీ చేసుకోరాదా, డీఎస్సీ పడితే సెటిల్ అవుతావు కదా" అంటాడు పెదనాయన. ఆయన చెప్పింది తప్పేం కాదు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్‌కి డిగ్రీ, బీఈడీ, టెట్ చాలు, ఎంఏ అక్కర్లేదు. కానీ గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టుకి, జూనియర్ లెక్చరర్‌కి, డిగ్రీ లెక్చరర్‌కి పీజీ కావాల్సిందే. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి పీజీలో 55 శాతం, దాంతో పాటు లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ, లేదంటే పీహెచ్‌డీ గానీ అడుగుతారు. అందుకే పెదనాయనతో వాదించకుండా "ఎంఏ అయినాక బీఈడీ కూడా చేస్తాలే" అనండి. అబద్ధం కాదు, చాలామంది అట్లే చేస్తారు, పీజీటీ పోస్టుకి రెండూ అడుగుతారు కూడా. ఆ 55 అంకె మాత్రం మొదటి సెమిస్టర్ నుంచే తలలో ఉండాలి. 54 దగ్గర ఆగిపోయి తర్వాత ఇంప్రూవ్‌మెంట్లు రాసేవాళ్ల బాధ చూడలేం.

చదవడం

సిలబస్ చూడగానే కళ్లు తిరుగుతాయి. చాసర్ నుంచి మొదలై షేక్‌స్పియర్, మిల్టన్, రొమాంటిక్ కవులు, విక్టోరియన్ నవల, ఆధునికులు, అమెరికన్, ఇండియన్ ఇంగ్లీష్, విమర్శ, థియరీ, భాషాశాస్త్రం. అన్నీ చదవాలా అంటే, అన్నీ కాదు, కానీ ప్రతి పేపర్‌లో రెండు మూడు టెక్స్ట్‌లు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి తీరాలి. సమ్మరీ వీడియో కాదు, ఒరిజినల్. గైడు తప్పని నేను అనను, నాటకం చదివేసినాక గైడు చూస్తే పనికొస్తది, ముందే చూస్తే మీ బుర్రలో ఇంకో ఆలోచన పుట్టనీయదు.

పాత ఇంగ్లీష్ నాటకం ఒక్కరే కూర్చుని కళ్లతో చదివితే ఐదో పేజీలో నిద్రొస్తది. లిబ్రివాక్స్ అని వాలంటీర్లు చదివిన ఆడియోలు ఫ్రీగా ఉంటాయి, చెవిలో అది పెట్టుకుని, ముందు పుస్తకం పెట్టుకుని, వేలితో లైన్ వెంట పోండి. మొదటిసారి అర్థం కాని మాటల దగ్గర ఆగొద్దు, సీన్ అయిపోనీండి, రెండోసారి పెన్సిల్ పట్టుకుని ఆగండి. కాపీరైట్ అయిపోయిన పాత పుస్తకాలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. కానీ షేక్‌స్పియర్‌కి మాత్రం కింద నోట్స్ ఉన్న ఎడిషన్ ఒకటి లైబ్రరీలో తీసుకోండి, నోట్స్ లేకుండా సగం జోకులు మిస్ అయిపోతాం. డిక్షనరీ ఇంగ్లీష్ టు ఇంగ్లీష్ వాడండి, తెలుగు అర్థం ఒకటి దొరికిందంటే మనం అక్కడితో ఆగిపోతాం, ఆ మాట ఇంకే వాక్యంలో ఎట్లా వాడతారో చూడం.

తెలుగులో పద్యం చదువుకున్న వాళ్లకి ఒక లాభం ఉంది, అది ఎవరూ చెప్పరు. పదో తరగతిలో ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం అని గణవిభజన చేసినాం కదా, పెన్నుతో గురువుకి ఒక గుర్తు, లఘువుకి ఒక గీత పెట్టుకుంటా. ఇంగ్లీష్‌లో స్కాన్షన్ అనేది అదే పని. ఐయాంబిక్ పెంటామీటర్ అంటే లైన్‌కి పది సిలబుల్స్, రెండేసి చొప్పున ఐదు గణాలు, ప్రతి గణంలో మొదటిది తేలిగ్గా, రెండోది ఒత్తి. తేడా ఒక్కటే, మన గురువు లఘువు పలకడానికి పట్టే టైంని బట్టి, వాళ్లది ఊనికని బట్టి. ప్రెజెంట్ అనే మాటనే చూడండి, బహుమతి అనే అర్థంలో మొదటి సిలబుల్ ఒత్తుతారు, ఇవ్వడం అనే అర్థంలో రెండోది ఒత్తుతారు, అక్షరాలు అవే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ప్రోసడీ (ఛందస్సు) పేపర్‌కి కాన్వెంట్‌లో చదివినోళ్ల కంటే మనమే ముందుంటాం. డౌట్ వచ్చిన మాటకి ఊనిక యాడ పడతదో డిక్షనరీలో గుర్తు పెట్టి ఉంటది, చూసుకోండి. ఇంకో మాట, కవి కావాలని ఆ నడక తప్పిన చోటే అసలు ప్రశ్న ఉంటది, ఎందుకు తప్పినాడు అని రాయగలిగితే మార్కులు అక్కడే.

రాయడం

ఇక అసలు సంగతికి వస్తా. ఎగ్జామ్ పేపర్లు దిద్దే లెక్చరర్ ఎవర్నైనా అడగండి, షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో లేడీ మాక్‌బెత్ పాత్ర గురించి రాయమంటే పదిలో తొమ్మిది పేపర్లు "షేక్‌స్పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో జన్మించెను, ఆయన ప్రపంచ ప్రఖ్యాత నాటకకర్త" అనే మొదలవుతాయి. అడిగింది ఆమె గురించి, రాసింది ఆయన పుట్టుక గురించి. మొదటి పేజీ మొత్తం అట్లే పోతది, తర్వాత కథ మొత్తం చెప్తారు, చివర్లో "ఇట్లు ఆమె గొప్ప పాత్ర" అని ముగిస్తారు. నలభై శాతం మార్కులు వస్తాయి, పాస్ అవుతారు, అంతే.

అదే ప్రశ్నకి ఇట్లా మొదలుపెట్టండి. రెండో అంకంలో రాజుని చంపిన రాత్రి, భర్త తన చేతుల నెత్తురు చూసి వణికిపోతా ఉంటే, ఈమె కొంచెం నీళ్లు పోస్తే ఇదంతా పోద్ది అన్నట్టు మాట్లాడుతుంది. ఐదో అంకం మొదటి సీన్‌లో అదే మనిషి నిద్రలో నడుస్తా, చేతులు రుద్దుకుంటానే ఉంటది, మరక పోదు. ఈ రెండు సీన్లు పక్కపక్కన పెట్టి, ధైర్యం యాడ ఇరిగిపోయింది అని ఒక వాక్యంలో అడగండి, అదే మీ పాయింట్. తర్వాత ఇంకో సంగతి గమనించండి, నాటకంలో దాదాపు అంతా గొప్పింటోళ్లు పద్యంలో మాట్లాడతారు, ఈ నిద్ర సీన్‌లో మాత్రం ఆమె మాటలు వచనంలో ఉన్నాయి, వాక్యాలు ముక్కలు ముక్కలుగా తెగిపోయి ఉన్నాయి. మనసు అదుపు తప్పింది అని షేక్‌స్పియర్ వేరే చెప్పలేదు, ఛందస్సు తీసేసినాడు. ఇంత రాస్తే పేజీన్నర. పుట్టిన సంవత్సరం ఎవరికి కావాలి ఇక్కడ?

ఈ పద్ధతి ఏ ప్రశ్నకైనా పనికొస్తది. టెక్స్ట్‌లో ఒక చోటు చూపించు, అక్కడ ఏం జరుగుతా ఉందో చెప్పు, అది ఎందుకు ముఖ్యమో చెప్పు, ఇంకో చోటుతో పోల్చు. పెద్ద పెద్ద మాటలు వద్దు. మనోళ్లకి ఒక అలవాటు ఉంది, పెళ్లి పత్రిక రాసినట్టు ప్రతి పేరు ముందు విశేషణాలు పెట్టడం, గ్రేట్, ఎవర్‌గ్రీన్, వరల్డ్ ఫేమస్ అని. అవి తీసేయండి, వాక్యం దానంతట అదే బాగుపడతది. ఇంగ్లీష్ వాక్యం చిన్నగా రాయండి మొదట్లో, కర్త, క్రియ దగ్గర దగ్గరగా ఉండాలి. తెలుగులో క్రియ చివర్లో వస్తది కాబట్టి మనం ఇంగ్లీష్‌లో కూడా అసలు విషయం వాక్యం చివరి దాకా దాచిపెడతాం, అది చదివేవాడికి కష్టం.

రోజుకి ఒక పేజీ చేత్తో రాయండి. ఫోన్‌లో కాదు, ఎగ్జామ్‌లో మూడు గంటలు చేత్తోనే రాయాలి కదా, మణికట్టుకి కూడా అలవాటు కావాలి. రాసింది మరుసటి రోజు గట్టిగా చదవండి, నాలుక తట్టుకున్న చోటే వాక్యం తప్పు ఉంటది. క్లాస్‌లో ఒక ఫ్రెండ్‌తో పేపర్లు మార్చుకుని దిద్దుకోండి, "బాగుందిరా" అనే ఫ్రెండ్ పనికిరాడు, "ఈ రెండో పేరా నాకు అర్థం కాలేదు" అనేవాడు కావాలి. ఏఐతో రాయించుకోవడం గురించి అడుగుతారని తెలుసు, గ్రామర్ డౌట్ అడగండి తప్పు లేదు, ఆన్సర్ మొత్తం రాయించుకుంటే మాత్రం మీ ఫీజు కట్టింది ఆ కంపెనీకి ట్రైనింగ్ ఇవ్వడానికా అని నాకు అనిపిస్తది.

కథలు, కవితలు రాయాలని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఎంఏ లిటరేచర్‌లో క్రియేటివ్ రైటింగ్ ఒక ఎలెక్టివ్‌గా ఉంటే ఉంటది, లేకపోతే లేదు, మొత్తం కోర్సు అదే అనుకుని చేరొద్దు. ఇగ్నోలో క్రియేటివ్ రైటింగ్‌కి వేరే డిప్లొమా ఉంది. ఎంఏ మీకు ఇచ్చేది చదువరితనం, కథ ఎట్లా కట్టినారో విప్పి చూసే చూపు. ఇక్కడి మనుషుల గురించి ఇంగ్లీష్‌లో రాయాలంటే ముందు వాళ్ల మాట చెవిన పడాలి, దానికి రేణిగుంట ప్యాసింజర్ రైల్లో కూర్చున్నా చాలు.

డిసర్టేషన్

చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ ఉంటే దయచేసి ఇంకోసారి "ఫలానా నవలలో ఎలియనేషన్" అని పెట్టొద్దు. ప్రాజెక్ట్ చూసే గైడ్ సార్‌కి కూడా విసుగు. మన పక్కనే సరుకు పడి ఉంది. 1919లో రవీంద్రుడు మదనపల్లె బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీకి వచ్చి జనగణమనని ఇంగ్లీష్‌లోకి తెచ్చింది అక్కడే, అప్పుడు ప్రిన్సిపాల్ ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసింది. ఐరిష్ కవి ఒకడు మదనపల్లెలో ఏం చేసినాడు, ఏం రాసినాడు అనేదే ఒక మంచి ప్రాజెక్ట్. కేంబ్రిడ్జ్‌లో చదివొచ్చి, తెలుగు విమర్శలోకి కొత్త చూపు తెచ్చి, ఆంధ్ర యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయిన కట్టమంచి రామలింగారెడ్డిది చిత్తూరు పక్కనే. అన్నమయ్య పదాలు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఇంగ్లీష్‌లోకి తెచ్చినారు, ఆక్స్‌ఫర్డ్ 2005లో వేసింది. ఒక పదం తెలుగులో పాడుకుని, పక్కన ఇంగ్లీష్ పెట్టుకుని, పల్లవి మళ్లీ మళ్లీ రావడాన్ని వాళ్లు ఎట్లా సర్దినారో, ఏది వదిలేసినారో చూస్తా పోతే అరవై పేజీలు వాటంతట అవే వస్తాయి. ఇది ఢిల్లీ స్టూడెంట్‌కి రాదు, మీకు వస్తది.

పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే సైట్‌లో ఉంటాయి, మీ టాపిక్ ఎవరైనా చేసేసినారా అని ముందు వెతకండి. దించేయడానికి కాదు. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అన్ని చోట్లా వాడతారు.

నెట్, ఆ తర్వాత

నెట్ జూన్ సైకిల్, డిసెంబర్ సైకిల్. ఇంగ్లీష్ కోడ్ 30. పేపర్ వన్ యాభై ప్రశ్నలు, పేపర్ టూ వంద, ప్రశ్నకి రెండు మార్కులు, మొత్తం మూడు గంటలు, నెగెటివ్ లేదు. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే రాయొచ్చు, రాయండి. సిలబస్ పది యూనిట్లు, నాటకం, కవిత్వం, నవల, వచనం, భాష, ఇండియాలో ఇంగ్లీష్ చరిత్ర, కల్చరల్ స్టడీస్, విమర్శ, థియరీ, రీసెర్చ్ మెథడ్స్. ఎంఏలో టెక్స్ట్‌లు చదివినోళ్లకి సగం అయిపోయినట్టే, థియరీకి ఈపీజీ పాఠశాల సైట్‌లో మాడ్యూల్స్ చూడండి. దాంతో పాటు ఏపీసెట్ కూడా రాసి పెట్టుకోండి, స్టేట్ వరకు లెక్చరర్ అర్హతకి అది చాలు.

టీచింగ్ వద్దనుకునేవాళ్లకి చెన్నై, బెంగళూరు రెండూ దగ్గరే. పుస్తకాలు, జర్నల్స్ ఎడిట్ చేసే కంపెనీలు చెన్నైలో చాలా ఉన్నాయి, సబ్‌టైటిల్స్ పని ఉంది, కంటెంట్ రైటింగ్ ఉంది. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్ల ముందు చెప్పుకునేలా ఉండదు. ఇంటర్వ్యూలో ఎడిటింగ్ టెస్ట్ పెడతారు, తప్పుల తడక పేజీ ఒకటి ఇచ్చి దిద్దమంటారు, రోజుకో పేజీ రాసి దిద్దుకున్నవాళ్లు అక్కడ నిలబడతారు.

బయటికి పోవాలంటే

అమెరికాలో ఎంఏ, ఎంఎఫ్ఏ రెండూ వేరు. ఎంఏ అంటే చదువు, విమర్శ. ఎంఎఫ్ఏ అంటే మీ సొంత కథలు, కవితలు. యూకేలో ఎంఏ ఒక ఏడాదిలో అయిపోతుంది, క్రియేటివ్ రైటింగ్ ఎంఏ ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో 1970 నుంచి ఉంది. ఎంఎఫ్ఏకి మార్కుల కంటే రైటింగ్ శాంపిల్ ముఖ్యం, అందుకే మీ దగ్గర బాగా దిద్దిన కథలు రెండైనా లేకుండా అప్లికేషన్ ఫీజు కట్టొద్దు. ఎంఏకి ఒక మంచి విమర్శ వ్యాసం కావాలి, పైన చెప్పిన డిసర్టేషన్‌లో ఒక చాప్టర్ దానికి సరిపోద్ది. కొన్ని ఎంఎఫ్ఏలు ట్యూషన్ మాఫీ చేసి, క్లాసులు చెప్పించుకుని స్టైఫండ్ ఇస్తాయి, ఆ పేజీలో ఫుల్లీ ఫండెడ్ అని ఉందా లేదా చూడండి, లేకపోతే లోన్ తీసుకుని కవిత్వం చదవడం మన ఇళ్లల్లో కుదిరే పని కాదు.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా మూడు అడుగుతారు. సార్ దగ్గరికి లాస్ట్ డేట్‌కి రెండు రోజుల ముందు పోతే, మీరే రాసుకుని రండి సంతకం పెడతా అంటారు, అట్లాంటి లెటర్ చదవగానే తెలిసిపోతది. కనీసం రెండు నెలల ముందు పోండి, మీరు ఆయన క్లాస్‌లో రాసిన పేపర్, మార్కుల లిస్ట్, యూనివర్సిటీల పేర్లు, లాస్ట్ డేట్లు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి ఇవ్వండి. సార్‌కి ఆఫీస్ మెయిల్ ఐడీ ఉందేమో కనుక్కోండి, కొన్ని యూనివర్సిటీలు మామూలు జీమెయిల్ నుంచి వచ్చిన లెటర్‌ని ఒకటికి రెండుసార్లు వెరిఫై చేస్తాయి. ట్రాన్‌స్క్రిప్ట్స్ (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక కాపీలు) కోసం ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అప్లికేషన్ పెట్టేది కూడా అదే వారంలో పెట్టేయండి, చలానా కట్టిన రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.